ఆపాకు నేర్పిన తంతి మాటలు

ఎర్ర సిరాతో దిద్దడానికి అలవాటు పడిన చేతికి రిటైర్మెంటు ఉండదు. బడి వదిలి ఇన్నేళ్లయినా ఎవరి రాతలోనైనా తప్పు కనిపిస్తే నా చెయ్యి ఊరుకోదు. పెళ్లి పత్రికలు కూడా దిద్దుతానని మా బంధువులకు భయం. అందుకే చాలామంది పత్రిక ఇవ్వకుండా నోటితో పిలిచి వెళ్లిపోతారు.

ఎమ్మిగనూరులో మా వీధి చివర ఆడవాళ్లకు కుట్టుపని నేర్పే చోటు ఒకటుంది. ఫోన్లలో వచ్చే ఆర్డర్లు చదువుకోవడానికి నాలుగు ఇంగ్లీషు మాటలు నేర్పమని వాళ్లు అడిగితే సాయంత్రాలు పోతున్నాను. రంగులయ్యాయి, కొలతలయ్యాయి, వారాల పేర్లయ్యాయి. పోయిన వారం యెస్టర్‌డే, టుడే, టుమారో రాయించాను. మర్నాడు పుస్తకాలు దిద్దుతుంటే ఒక ముస్లిం అమ్మాయి పుస్తకంలో యెస్టర్‌డేకి ఎదురుగా ‘కల్’ అని తెలుగు అక్షరాలతో రాసి ఉంది. టుడేకి ‘ఆజ్’, టుమారోకి ఎదురుగా మళ్లీ ‘కల్’ అనే ఉంది. వాళ్ల మాటలో నిన్నకూ రేపుకూ ఒకటే పేరు.

“తప్పా మేడం?” అని అడిగింది ఆ అమ్మాయి.

పెన్ను పట్టుకున్న చెయ్యి ఆగిపోయింది. కళ్లజోడు తీసి తుడుచుకున్నాను. తర్వాత చెప్తానని పుస్తకం మూసి ఇంటికి వచ్చేశాను. మా ఇంట్లోవాళ్లు బీపీ అనుకున్నారు. బీపీ కాదు. ఇంతకాలం ఎవరికీ చెప్పని సంగతి ఒకటి ఉంది, ఆ రెండు అక్షరాలు దాన్ని పట్టి లాగాయి.

చిన్నప్పుడు మేము ఆదోనిలో పత్తి మిల్లుల వెనక వీధిలో ఉండేవాళ్లం. నాన్న మిల్లులో బేళ్ల మీద గుర్తులు వేసే పని చేసేవాడు. సీజను మొదలైతే వీధంతా పింజలు ఎగిరేవి. దండెం మీది చీరలకు, మా జడలకు, ఆఖరికి పెరుగన్నానికి కూడా పత్తి అంటుకునేది. మా అవ్వ రోజుకు నాలుగుసార్లు వాకిలి ఊడ్చి, “మనకు కూడు పెట్టేదీ ఇదే, కూట్లో పడేదీ ఇదే” అని చీపురు మూలకు విసిరేది. పక్క సందులో శెనక్కాయల నూనె మిల్లు. సాయంత్రంపూట నూనె పిండగా మిగిలిన వేడి చెక్క బయటికి తీస్తుంటే ఆ కమ్మటి వాసనకు అప్పుడే తిన్నవాళ్లకు కూడా ఆకలేసేది. పిల్లలం గేటు దగ్గర చేతులు చాపి నిలబడితే తలా ఒక ముక్క విరిచి ఇచ్చేవాళ్లు. ఎద్దులకు పెట్టే చెక్క అది. మేము బెల్లం నంజుకొని తినేవాళ్లం. రాత్రికి కడుపునొప్పి వచ్చేది, మర్నాడు మళ్లీ పోయేవాళ్లం.

మా ఇంటికీ పక్కింటికీ మధ్య నడుమెత్తు గోడ ఒకటే అడ్డం. ఆ పక్కింటావిడే ఆపా. ఆపా అంటే అక్క. వీధిలో చిన్నాపెద్దా అందరూ ఆమెను అలాగే పిలిచేవాళ్లు కాబట్టి ఆమె అసలు పేరు నాకు ఎప్పుడూ అవసరం పడలేదు. పుట్టిల్లు హొళగుంద. ఇరవై ఇరవై రెండేళ్లు ఉంటాయేమో. భర్త పత్తి బేళ్ల లారీకి డ్రైవరు. పోతే వారానికో పది రోజులకో వచ్చేవాడు. ఆమె ఇంట్లోనే మిషను పెట్టుకొని వీధి ఆడవాళ్లకు రవికలు కుట్టేది. మూడేళ్ల కూతురు మిషను కింద కూర్చొని ఖాళీ దారపు రీళ్లతో ఆడుకునేది.

నేను అప్పుడు ఆరో తరగతి. ఆ రోజుల్లో మాకు ఇంగ్లీషు ఆరులోనే మొదలయ్యేది. సారు రోజూ ఐదు మాటలు బోర్డు మీద రాసేవాడు. మర్నాడు అర్థాలు అడిగేవాడు. రానివాళ్లకు వేళ్ల గణుపుల మీద స్కేలు పడేది. నాకు మాటలు తొందరగా వచ్చేవి. అవి వచ్చినకొద్దీ కళ్లు నెత్తికెక్కాయి. దోవన పోయే కుక్కను డాగ్ అని పిలిచేదాన్ని. అన్నం వడ్డిస్తుంటే రైస్ చాలు అనేదాన్ని. ఒకరోజు అవ్వను గ్రాండ్‌మదర్ అన్నాను. అవ్వ చెవికి చివరి ముక్కే వినబడింది.

“నడుం వంగిందని నన్ను మంథర అంటాందే ఇది” అని వీధి వీధంతా వినబడేలా నాన్నకు చెప్పింది. ఆ పేరు అవ్వకు చాలా రోజులు నిలిచింది. గోడ అవతల ఆపా నవ్వి నవ్వి మిషను ఆపేసింది.

ఆ రోజు సాయంత్రమే ఆపా నన్ను గోడ దగ్గరికి పిలిచింది.

“నాకు గూడా నేర్పిస్తావా బేటా?”

“ఇంగ్లీషా? నీకెందుకు ఆపా?”

“అంతా వద్దులే. తార్ సదవడం వస్తే సాలు.”

తార్ అంటే తంతి, టెలిగ్రాం. ఈ కాలం పిల్లలకు తెలియదు గానీ, ఊర్ల నుంచి తొందర కబురు రావాలంటే అప్పుడు అదొక్కటే దారి. ఖాకీ చొక్కా జవాను సైకిలు మన ఇంటిముందు ఆగిందంటే గుండెలు జారిపోయేవి. కాగితం మీద అన్నీ ఇంగ్లీషు మాటలే ఉండేవి, అవి కూడా నాలుగైదే. మా చుట్టుపక్కల అవి చదవగలిగినవాడు ఒక్కడే, రెండు సందుల అవతల ఉండే పోస్టాఫీసు గుమాస్తా.

ఎందుకు నేర్చుకోవాలో ఆపా అప్పుడు చెప్పలేదు. రెండు మూడు రోజులు పోయాక, ట్రంకుపెట్టె అడుగు నుంచి నాలుగు మడతల కాగితం ఒకటి తీసి నా చేతికిచ్చింది. మదర్ ఎక్స్‌పైర్డ్ స్టార్ట్. మూడే మాటలు.

“పెండ్లయి మూడు నెలలు. మా ఆయన లారీతో బొంబాయి పోయిండె. పొద్దున్నే ఇది వచ్చింది. గుమాస్తా ఇంట్లో లేడు, సాయంత్రానికి వస్తాడన్యారు. మా ఆయన బొంబాయి చేరినాడని కొట్టించినాడేమో అనుకున్యా. సంతోషమైపాయ. సేమ్యా వండినా. ఈ కాగితం కొంగుకు కట్టుకోని సేమ్యా తిన్యా బేటా. సాయంత్రం ఆ గుమాస్తా సదివి నా మొగం సూసినాడు. నేను పోయేసరికి మా అమ్మను మట్టి చేసేసినారు.”

చెప్పి, నా చేతిలోంచి కాగితం తీసుకొని మళ్లీ అవే మడతల్లో పెట్టింది. నాకు పదకొండేళ్లు. ఎక్స్‌పైర్డ్‌కు స్పెల్లింగు చెప్పాను.

“సచ్చిపోయింది అనేదానికి ఇంత పొడుగు మాటా” అంది ఆపా.

అలా మా బడి మొదలైంది. తంతిలో అన్నీ పెద్దక్షరాలే కాబట్టి చిన్నక్షరాల జోలికి పోలేదు. పలక కూడా కొనలేదు. బురఖా కుట్టగా మిగిలిన నల్లగుడ్డ పరిచి, దర్జీ సుద్దతో దాని మీద రాసేవాళ్లం. తప్పయితే దులిపేస్తే పోయేది. బాగా వచ్చిన మాటలు మాత్రం ఆపా ఒక నోటుపుస్తకంలో ఎక్కించుకునేది. నేను మా సారు మాదిరి చెయ్యి వెనక్కి కట్టుకొని అటూ ఇటూ తిరిగేదాన్ని. మాట రాకపోతే ఆపా చెయ్యి చాపమని ఆమె టేపుతోనే ఆమె వేళ్ల మీద తట్టేదాన్ని. అంత పెద్ద మనిషి నవ్వుతూ చాపేది. అవ్వ గోడ మీదుగా చూసి, “తాను దూర సందు లేదు, మెడకో డోలు” అని నన్ను దెప్పేది. నాకు చీమ కుట్టినట్టయినా ఉండేది కాదు.

నేర్పినందుకు నాకు ఫీజు ఉండేది. గోధుమ రొట్టె పెనం మీంచి తీసి, నెయ్యి రాసి, బెల్లం తురిమి, చాప మాదిరి చుట్టి ఇచ్చేది ఆపా. పీర్ల పండగప్పుడు చోంగాలు పెట్టింది. తీపి రొట్టెల్లాంటివి, మీద అచ్చు వేసి నేతిలో కాల్చేవి. ఆ చోంగాల కోసం నేను రెండు రోజులు అదనంగా పాఠం చెప్పాను. మా ఇంట్లో అలాంటివి దొరికేవి కావు. మా ఇంట్లో జొన్నరొట్టె, ఊరిమిండి పచ్చడి, ఏదైనా పండగయితే ఓళిగలు, అంటే బొబ్బట్లు, అంతే.

ఆపాకు తెలియకుండానే చాలా ఇంగ్లీషు వచ్చు. మిషను, టేపు, లారీ, టైరు, పంచరు, క్లీనరు. అవన్నీ ఇంగ్లీషేనని చెప్తే కొన్నిటికి ఒప్పుకుంది గానీ బస్సుకు మాత్రం ఒప్పుకోలేదు.

“బస్సు ఇంగ్లీషుదైతే మా హొళగుందకు ఎట్ల వస్తాది?” అని వాదించింది. చివరికి నేనే వదిలేశాను.

మూడు నెలల్లో ఆమెకు ఫాదర్, మదర్, బ్రదర్, కమ్, స్టార్ట్, సేఫ్, రీచ్‌డ్, సీరియస్, ఆపరేషన్ వచ్చేశాయి. తంతుల్లో ఇంతకంటే ఎక్కువ మాటలు ఉండవని గుమాస్తా భార్యను అడిగి తెలుసుకొని వచ్చింది కూడా. “ఇంక దినాలు నేర్పించు బేటా. యా దినం వచ్చేదీ పోయేదీ తెలియాల గదా” అంది.

ఆ రోజు మా సారు ఇచ్చిన ఐదు మాటల్లో యెస్టర్‌డే, టుమారో ఉన్నాయి. బడిలో నేను సరిగ్గా వినలేదు. పక్కనున్న పిల్లతో గచ్చకాయలు మార్చుకుంటున్నాను. రెంటిలో ఒకటి నిన్న, ఒకటి రేపు అని తెలుసు. ఏది ఏదో తెలియదు. ఆపా ఇంట్లో పెనం మీద రొట్టె పొంగుతోంది. నల్లగుడ్డ మీద రెండు మాటలూ రాశాను.

“ఇదేంది?”

“యెస్టర్‌డే.”

“అంటే?”

తెలియదు అనాలి. పంతులమ్మకు తెలియదంటే ఎలా? వీధిలో ఆడుకుంటూ నేర్చుకున్న నాలుగు ఉర్దూ ముక్కలు అప్పుడు నాకు దేవుడిచ్చిన వరంలా గుర్తుకొచ్చాయి.

“కల్” అన్నాను.

“ఇదో?”

“టుమారో. ఇది గూడా కల్లే.”

ఆపా రెండు మాటలనూ చాలాసేపు చూసింది. “రెండూ కల్లేనా? యా కల్ బేటా?”

“మీ కల్ మాదిరే ఆపా. మాటను బట్టి తెలుస్తాది.”

“అచ్ఛా” అంది ఆపా. తృప్తిగానే అంది. ఇంగ్లీషు ఒక్కచోటైనా తన భాష మాదిరి ఉన్నందుకు ఆమెకు సంతోషం కలిగిందనుకుంటాను. రెండు మాటలూ నోటుపుస్తకంలో ఎక్కించుకొని, పక్కన తనకు తెలిసిన గుర్తేదో వేసుకుంది. కావాలంటే వాళ్ల మాటలో గయాసో కల్, ఆతాసో కల్ అని విడదీసి చెప్పొచ్చు. పోయిన కల్, వచ్చే కల్. అది నాకు తెలుసు. చెప్తే ఏది ఏదని అడుగుతుంది, అందుకే చెప్పలేదు. నా తెలివికి నేనే మురిసిపోతూ రొట్టె తిన్నాను.

మర్నాడు సారు నన్నే లేపాడు. రేపును యెస్టర్‌డే అన్నాను. స్కేలు పడింది. ఆ దెబ్బతో ఏది ఏదో నాకు జన్మంతా మరవకుండా వచ్చింది. ఇంటికి రాగానే గోడ దగ్గరికి పోయి ఆపాకు చెప్పుండాల్సింది. ఎంతసేపు పట్టేది? గణుపులు మండుతున్నాయి, సిగ్గుగా ఉంది, రేపు చెప్దాంలే అనుకున్నాను. ఆ రేపు రాలేదు.

పత్తి సీజను మధ్యలో ఆపా వాళ్ల తమ్ముడు హొళగుంద నుంచి వచ్చిపోయాడు. నాయనకు కడుపులో నొప్పి ఎక్కువైందనీ, బళ్ళారి ఆసుపత్రికి తీసుకుపోతాననీ చెప్పాడు. పోతూ పోతూ, “ఏదైనా ఉంటే తార్ కొట్టిస్తా అక్కా” అన్నాడు. ఆపా గర్వంగా, “కొట్టియ్, నేనే సదువుకుంటా” అంది. అతను నమ్మలేదు. ఆపా అతన్ని కూర్చోబెట్టి, నోటుపుస్తకం తెచ్చి వరసగా చదివి వినిపించింది. మాకెవరికీ రాని ఇంగ్లీషు అక్కకు వచ్చిందని అతను తల ఊపుతూ పోయాడు.

తర్వాత వారానికేమో తంతి వచ్చింది. నేను సాయంత్రం బడి నుంచి వచ్చేసరికి గోడకు ఇటు పక్క మా అవ్వ, ఇంకో ఇద్దరు ఆడవాళ్లు నిలబడి ఉన్నారు. అటు పక్క ఆపా, చేతిలో కాగితం. మొహం వెలిగిపోతోంది.

“మధ్యాన్నం వచ్చింది బేటా. ఎవురినీ అడగల్యా. గుమాస్తా ఇంటికి గూడా పోల్యా. నేనే సదివినా.” కాగితం పైకెత్తి అందరికీ వినబడేలా ఒక్కొక్క మాట మీదా వేలు పెట్టి చదివింది. “ఫాదర్. ఆపరేషన్. టుమారో. కమ్. మా నాయనకు కల్ ఆపరేషన్ అయిపోయిందంట. సూసిపొమ్మని పిలుస్తాండారు.”

“ఒక్కదానివే ఎట్ల పోతావు మరి?” అని అవ్వ అడిగింది.

“ఆపరేషన్ అయిపాయ గదా అవ్వా, ఇంక భయమేముంది? తార్ వచ్చేసరికి ఒక దినం పడ్తాది. మా ఆయన ఎల్లుండి వస్తాడు. పిల్లను తీసుకొని ముగ్గురం పోయి సూసొస్తాం. పెండ్లోళ్ల రవికలు గూడా రేపటికి అయిపోతాయి.”

అవ్వ నావైపు చూసింది. పుట్టి బుద్ధెరిగాక అవ్వ నన్ను నలుగురిలో పొగడడం అదే మొదలు. “పిట్ట కొంచెం, కూత ఘనం. మూడు నెలల్లో ఆపాకు తంతి సదవడం నేర్పించేసింది మా పాప.” ఆ ఇద్దరు ఆడవాళ్లూ నా తల నిమిరారు.

“సూడు బేటా, సరిగ్గా సదివినానా?” ఆపా గోడ మీదుగా కాగితం అందించింది.

చూశాను. టుమారో. మా సారు కొట్టిన దెబ్బతో వచ్చిన మాట. ఆపరేషను రేపు. అంటే ఈ సాయంత్రం బయలుదేరితే వాళ్ల నాయనను లోపలికి తీసుకుపోకముందే చూడొచ్చు. బళ్ళారి బస్సు ఇంకా పోలేదు. అది మా వీధి చివరి నుంచే హారను కొట్టుకుంటూ పోయేది, అందుకే దాని వేళ మాకందరికీ తెలుసు.

ఇప్పుడు అన్నీ తెలిసిన ముసలిదాన్ని గనక ఆ పిల్ల తరపున సాకులు చెప్పగలను. చిన్నపిల్ల, భయపడింది, ఆపరేషను అంటే ఏమిటో తెలియదు, ఎల్లుండి ఎలాగూ పోతారు కదా అనుకుంది. నిజానికి అవేవీ కాదు. నా తల మీద ఇంకా ఆ ఆడవాళ్ల చేతుల వెచ్చదనం ఉంది. అవ్వ మొహంలో ఆ వెలుగు ఉంది. తప్పు అన్నానంటే, ఎవరు నేర్పిన తప్పు అనే మాట వస్తుంది. అది నాకు వద్దు.

“కరెక్ట్ ఆపా” అన్నాను.

ఇంగ్లీషులోనే అన్నాను. ఆపా లోపలికి పోయి రొట్టె చుట్ట తెచ్చి నా చేతిలో పెట్టింది. నాకోసమే చేసి ఉంచిందట, ఆ రోజు నెయ్యి ఎక్కువ వేసింది. గోడకు ఆనుకొని తింటూ ఉన్నాను. సగం తినేసరికి బళ్ళారి బస్సు హారను వినబడింది. తినడం ఆపలేదు.

మర్నాడు బడి నుంచి వచ్చేసరికి ఆపా ఇంటికి తాళం ఉంది. అవ్వ వాకిట్లో కూర్చొని ఉంది, చీపురు ఒళ్లో అలాగే ఉంది.

“ఆపా వాళ్ల నాయన పోయినాడంట. పొద్దున ఆపరేషన్‌కు పోయినోడు తిరిగి కండ్లు తెరవల్యా. హొళగుంద నుంచి మనిషి వచ్చి తీసుకపోయినాడు. లోపలికి పోయేవరకూ ‘బిడ్డ యాడ, బిడ్డ వచ్చిందా’ అంటానే ఉండెనంట.” అవ్వ ఒళ్లోని చీపురు తీసి పక్కన పెట్టింది. “ఈరోజంట ఆపరేషను. నిన్న గాదంట. పాపం, ఆయమ్మ ఎట్ల సదివిందో ఏమో.”

అవ్వ నావైపు చూడనే లేదు. చూసుంటే ఏడ్చి చెప్పేసేదాన్నేమో. నన్ను అనుమానించాలని కూడా ఎవరికీ తోచలేదు. నేను చిన్నపిల్లను కదా. గొప్ప వచ్చినప్పుడు పంతులమ్మను, తప్పు వచ్చినప్పుడు చిన్నపిల్లను.

నెలకుపైగా గడిచాక ఆపా తిరిగొచ్చింది. సన్నబడింది. రెండు రోజులు నేను గోడవైపు పోలేదు. మూడో రోజు ధైర్యం చేసి సుద్దముక్క పట్టుకొని పోయాను. ఇవాళ చెప్పేయాలని నిజంగానే అనుకొని పోయాను. ఆపా మిషను మీద తల వంచుకొని ఉంది.

“వద్దు బేటా” అంది, నేను నోరు తెరవకముందే. “సదువు నాకు అచ్చిరాల్యా. నువ్వు బాగనే నేర్పించినావు. నేనే తప్పు సదివినా. నువ్వేం మనసులో పెట్టుకోవద్దు.”

నన్ను ఓదార్చింది ఆమె. నువ్వు తప్పు చదవలేదు ఆపా, నేను తప్పు నేర్పాను. ఆరేడు మాటలు. ఒక తంతిలో పట్టేవి. నోట్లోకి వచ్చాయి కూడా. “సరే ఆపా” అని ఇంటికొచ్చేశాను.

కొన్నాళ్లకు మా అమ్మ రవిక కుట్టించుకుంటే, దానితోపాటు చెయ్యి కొలతకు కత్తిరించిన కాగితం ముక్క ఒకటి పొరపాటున వచ్చింది. అది నోటుపుస్తకం కాగితం. దాని మీద ఆపా రాసుకున్న పెద్దక్షరాలు సగం తెగిపోయి ఉన్నాయి. పుస్తకమంతా అలాగే కత్తిరించేసిందని తర్వాత తెలిసింది. మరుసటి ఏడు నాన్నకు ఎమ్మిగనూరులో పని దొరికి మేము వచ్చేశాం. బండి ఎక్కేటప్పుడు ఆపా నా బుగ్గలు పుణికి, “బాగా సదువుకో బేటా” అంది.

బాగానే చదువుకున్నాను. ఇంగ్లీషు టీచర్ని అయ్యాను. యెస్టర్‌డే, టుమారో పాఠం వచ్చిందంటే బోర్డు నిండా నిన్న, రేపు అని రాసి, ఒక్కొక్క పిల్లనూ లేపి పదిసార్లు చెప్పించేదాన్ని. పిల్లలు చాటుగా నన్ను టుమారో టీచరమ్మ అని పిలుచుకునేవాళ్లు. ఆ పేరు విన్నప్పుడల్లా నవ్వినట్టు నటించేదాన్ని. ఎమ్మిగనూరు నుంచి ఆదోని ఎంత దూరం? బస్సెక్కితే గంట. పెళ్లిళ్లకు పోయాను, మార్కెట్టుకు పోయాను, పరీక్షల డ్యూటీకి పోయాను. ఆ వీధి మలుపు దాకా ఎన్నిసార్లు పోయి వెనక్కి తిరిగానో లెక్క లేదు. పోయిన ప్రతిసారీ ఏదో ఒక పని తొందర చేసేది. ఆపా మా అమ్మ కంటే చిన్నది, ఇంకా చాలాకాలం ఉంటుందిలే అనుకునేదాన్ని. అవ్వ పోయింది, నాన్న పోయాడు, నా తల నెరిసింది. నా లెక్కలో ఆపా మాత్రం ఇరవై రెండేళ్ల దగ్గరే ఉండిపోయింది.

ఆ అమ్మాయి పుస్తకం చూసిన మర్నాడు పొద్దున్నే ఆదోని బస్సెక్కాను. మిల్లులు చాలావరకు మూతపడ్డాయి, గేట్లకు తుప్పు పట్టింది. వీధిలో పింజలు లేవు, చెక్క వాసన లేదు. మా ఇల్లున్న చోట సెల్‌ఫోను దుకాణం ఉంది. గోడ లేదు. పక్కిల్లు మాత్రం అక్కడే ఉంది, లోపల నుంచి మిషను చప్పుడు వస్తోంది.

మిషను ముందు కూర్చున్న ఆవిడకు ఇంచుమించు అరవై ఏళ్లుంటాయి. మొహం చూడగానే తెలిసిపోయింది, ఆపా కూతురు. నేనెవరో చెప్పాను. ఆమెకు నేను గుర్తులేను గానీ నా గురించి తెలుసు.

“పక్కింటి ఇంగ్లీషు పాప మీరేనా? అమ్మ సెప్పేది. కూసోండి. టీ పెడ్తా.”

“ఆపా?”

“పోయి ఆరేండ్లాయ.”

టీ వద్దన్నాను. అయినా పెట్టింది. తాగుతూ అడిగాను, నువ్వు చదువుకున్నావా అని. అరవై ఏళ్ల మనిషిని అలా అడగకూడదు, అయినా నోరు జారింది.

“ఐదు దాకా. అమ్మ మాన్పించింది. అరకొర సదువు మనుషుల్ని సంపుతాది అనేది. ఆమె గూడా కాగితం ముట్టేది కాదు. మందుబిళ్లల మీద రాసింది గూడా సూసేది కాదు. ఎవురన్నా కాగితం ఇస్తే చేతులెనక్కి పెట్టుకునేది. మా నాయన తార్‌ను తప్పు సదివినా, ఆయన మొగం సూడల్యా, నాకు సదువెందుకు అనేది. పోయే ముందర గూడా అదే మాట.”

గ్లాసు కింద పెట్టాను. చెప్పాను. గచ్చకాయల నుంచి మొదలుపెట్టి, ఏది ఏదో నాకు తెలియకపోవడం, కల్ అని తప్పించుకోవడం, స్కేలు దెబ్బ, గోడ దగ్గర కరెక్ట్ అనడం, రొట్టె, బస్సు హారను, అంతా చెప్పాను. ముప్పై ఏళ్లు పిల్లల ముందు తడబడకుండా మాట్లాడిన నోరు, మధ్యలో రెండుసార్లు ఆగిపోయింది. ఆమె చేతిలోని గుడ్డ మీద చెయ్యి అలాగే పెట్టుకొని విన్నది.

“చెప్పుంటే ఆ బస్సు అందేది” అన్నాను నేనే. “మీ తాతను చూసేది.”

“బస్సు సంగతి పోనీయండి టీచరమ్మా. ఎక్కింటే అందుతుండెనో లేదో ఎవురికి తెలుసు.” ఆమె నా మొహంలోకి చూసింది. కోపం లేదు. కోపం ఉంటే నాకు సులువయ్యేది. “నాకొక్కటి సెప్పండి. మా అమ్మకు సదవడం వచ్చుండె గదా?”

“వచ్చు.”

“ఆ కాగితంలో ఉండేది ఉన్నట్టే సదివిందా?”

“ఒక్క అక్షరం తప్పు చదవలేదమ్మా.”

“ఆ మాట ఆమెకు తెలియకుండానే పోయింది” అంది ఆమె.

తల వంచుకొని, సూదిలో తెగిన దారం మళ్లీ ఎక్కించింది. మిషను తిరగడం మొదలైంది. పొమ్మని ఆమె అనలేదు, ఉండమనీ అనలేదు. చల్లారిపోయిన టీ గ్లాసు ముందు పెట్టుకొని నేను అక్కడే కూర్చున్నాను.